మూడంగుళాల నైక్ స్మోక్ కిట్: ఏ జిగురు, ఏ మోటారు, ఎక్కడ ఎగరేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. మీరు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. ఏడో తరగతి చదివే మీ అమ్మాయితో కలిసి సీ (C) సైజు మోటారు దాకా చిన్న మోడల్ రాకెట్లు ఎగరేశారు. ఈసారి 3 అంగుళాల బాడీ ట్యూబు, 29 మిల్లీమీటర్ల మోటార్ మౌంట్ (మోటారు కూర్చునే గొట్టం) ఉన్న నైక్ స్మోక్ స్కేల్ కిట్, అంటే ఆ పేరున్న అసలు రాకెట్‌కి చిన్న నమూనా, కొన్నారు. అంతటా ఎపాక్సీయే (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడాలా, హాబీ షాపులో ఉన్న ఎఫ్15 సరిపోతుందా, ఇంటి వెనక సాకర్ గ్రౌండులో ఎగరేయవచ్చా, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి అక్కడి పిల్లలకు చూపించవచ్చా అని అడిగారు.

జవాబు: ఎపాక్సీ మూడు చోట్ల చాలు, మిగతాదంతా వుడ్ గ్లూ. ఎఫ్15 వద్దు. మొదటిసారికి ఎఫ్67 లేదా ఎఫ్50 తరహా కాంపోజిట్ మోటారు తీసుకోండి, అదీ రాకెట్ తూచాకే. సాకర్ గ్రౌండు చాలదు, క్లబ్ లాంచ్‌కి వెళ్ళండి. ఊరికి రాకెట్ తీసుకెళ్ళొచ్చు, మోటార్లు మాత్రం విమానం ఎక్కించకూడదు.

ఈ జవాబులన్నీ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి: రంగు వేసి, పారాషూట్ పెట్టాక మీ రాకెట్ బరువు ఎంత? చిన్న రాకెట్ల విషయంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. పది గ్రాములు అటూ ఇటూ అయినా సీ మోటారు లాక్కుపోతుంది. మిడ్ పవర్‌లో, అంటే ఈ (E), ఎఫ్, జీ మోటార్లతో ఎగిరేవాటిలో, అలా కుదరదు. అందులోనూ స్కేల్ మోడల్ అంటే ఫిల్లరు, ప్రైమరు, రెండు మూడు పూతల రంగు, దాని మీద క్లియర్ కోటు. డబ్బా మీద రాసిన బరువు ఒకటి, మీ చేతిలో తయారైన రాకెట్ బరువు ఇంకొకటి. వంటింట్లో గ్రాములు చూపించే తూకం ఉంటే ఈ ప్రాజెక్టు అయ్యేదాకా దాన్ని మీ బల్ల మీదే ఉంచేసుకోండి.

ముందు మోటారు సంగతి

మోటారు పేరులోని అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది: ఈ (E) అంటే 20 నుంచి 40 న్యూటన్ సెకన్లు, ఎఫ్ అంటే 40 నుంచి 80, జీ అంటే 80 నుంచి 160. అక్షరం పక్కనున్న అంకె సగటు థ్రస్ట్ (తోపు బలం), న్యూటన్లలో. గీత తర్వాతి అంకె మంట ఆగాక పారాషూట్ బయటికి తోసేదాకా పట్టే సెకన్లు, దాన్నే డిలే అంటారు. షాపులో చాలామంది అక్షరం చూసి కొనేస్తారు. చూడాల్సింది దాని పక్కనున్న అంకె.

మీ రాకెట్ మోటారుతో కలిపి 800 గ్రాములు వచ్చిందనుకుందాం. పూర్తి ఫినిషింగ్ చేసిన మూడంగుళాల రాకెట్‌కి అది పెద్ద వింతేమీ కాదు. 800 గ్రాములంటే దాదాపు 7.8 న్యూటన్లు. లేచేటప్పుడు థ్రస్ట్ బరువుకి కనీసం ఐదు రెట్లు ఉండాలని మేమంతా పాటించే లెక్క, అంటే 39 న్యూటన్లు. ఎఫ్15 తుపాకిమందు (బ్లాక్ పౌడర్) మోటారు. మొదటి క్షణంలో 25 న్యూటన్ల దాకా లేస్తుంది, తర్వాత 15 దగ్గర సాగుతూ మూడు సెకన్లకు పైగా మండుతుంది. మొత్తం శక్తి బాగానే ఉంది, తొలి తోపే చాలదు.

ఇదే లెక్కను లాంచ్ రాడ్ (రాకెట్ జారి లేచే నిలువు కడ్డీ) మీద పెట్టి చూడండి. రాకెట్ నాలుగడుగులు గైడ్ మీద జారి వదిలేస్తుంది. అప్పటికి సెకనుకు 13 మీటర్ల వేగమైనా లేకపోతే ఫిన్‌లకు (తోక రెక్కలకు) గాలి పట్టు దొరకదు. 800 గ్రాముల రాకెట్‌ని ఎఫ్15 ఆ నాలుగడుగుల్లో ఏడు మీటర్ల వేగానికి తెస్తుంది, అంతే. ఎఫ్67 అయితే పదమూడు దాటిస్తుంది. ఏడు మీటర్ల వేగంతో గైడ్ వదిలిన రాకెట్ చిన్న గాలి వీచినా ముక్కు గాలివైపు తిప్పేసుకుంటుంది. మా మైదానంలో ఇది తరచూ కనిపించే దృశ్యమే: బరువైన అందమైన మోడల్ మెల్లగా లేచి, తలవంచి, గాలికి ఎదురుగా పొలాల వైపు పరుగు తీస్తుంది. డిలే పూర్తయ్యేసరికి కిందికి దూకుతూ ఉంటుంది, ఆ వేగంలో పారాషూట్ తెరుచుకుని ట్యూబుని నిలువునా చీరేస్తుంది. దీన్ని జిప్పర్ అంటారు. కింద నిలబడి చూసేవాళ్ళు మోటారు బలం చాలలేదనుకుని మరుసటిసారి జీ కొంటారు. నిజానికి థ్రస్ట్ ఎక్కువున్న ఎఫ్ సరిపోయేది.

జీ40 లాంటివి ఐదు రెట్ల గీత మీద నిలబడతాయి. రాకెట్ 800 గ్రాములు దాటిందా, అవి కూడా వద్దు. ఇంకో చిక్కు ఖర్చు. 30 గ్రాములకు మించి ఇంధనం ఉన్న మోటారుని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మోటారు ధరకు తోడు హజ్మత్ (ప్రమాదకర సరుకు రవాణా) ఫీజు పడుతుంది. లాంచ్ రోజున మైదానానికి వచ్చే అమ్మకందారు దగ్గర కొంటే ఆ గోల ఉండదు.

నా ఇష్టం చెప్పమంటే ఎఫ్67, అందులో వైట్ లైట్నింగ్ ఇంధనం. అది తెల్లగా దట్టమైన పొగ వదులుతుంది. రాకెట్ పేరే నైక్ స్మోక్ అయినప్పుడు పొగ కనపడని నీలి మంట మోటారు పెట్టడానికి నాకు మనసొప్పదు.

కాంపోజిట్ మోటారు వెలిగించడం వేరు

మీరు చిన్న మోటార్లకు వాడిన ఇగ్నైటర్ (మోటారుని వెలిగించే వైరు) దీనికి పనికిరాదు. తుపాకిమందు మోటారు నాజిల్ (మంట బయటికొచ్చే రంధ్రం) దగ్గర్నుంచి వెలుగుతుంది. కాంపోజిట్ ఇంధనానికి మధ్యలో పొడుగునా రంధ్రం ఉంటుంది, ఇగ్నైటర్ కొన ఆ రంధ్రం పైకొసకు తగలాలి. నేను పిల్లలకు నేర్పేది ఇదీ: ఇగ్నైటర్‌ని ఆగేదాకా లోపలికి తోయండి, నాజిల్ దగ్గర వైరు మీద మార్కరుతో గుర్తు పెట్టండి, బయటికి తీసి మోటారు పక్కన ఆనించి చూడండి. కొన ఇంధనం పైఅంచుదాకా వచ్చిందా లేదా కంటికే తెలుస్తుంది. తర్వాత మళ్ళీ గుర్తుదాకా దూర్చి, మోటారుతో వచ్చిన ప్లాస్టిక్ టోపీతో బిగించండి. టోపీకి గ్యాసు పోయే సందు లేకపోతే కత్తెరతో మూల కత్తిరించాలి. ఇగ్నైటర్ సగంలో ఆగితే ఇంధనం కింద అంచున మాత్రమే అంటుకుని, బుస్ బుస్ మని నాలుగైదు సార్లు ఊపిరి తీసి, రాడ్ మీదే రాకెట్‌ని అటూ ఇటూ ఊపుతుంది. ఒక్కోసారి ఆ తర్వాత బలం పుంజుకుని, సగం వేగంతో లేచిపోతుంది. అది ఇంకా ప్రమాదం.

మీ దగ్గరున్న నాలుగు పెన్సిల్ బ్యాటరీల కంట్రోలరు కూడా చాలదు. 12 వోల్టుల బ్యాటరీ కావాలి. క్లబ్ లాంచ్‌లో అది వాళ్ళే పెడతారు.

కట్టడం: ఎపాక్సీ ఎక్కడ, వుడ్ గ్లూ ఎక్కడ

కాగితానికి కర్ర, కర్రకు కర్ర అంటించడానికి పసుపురంగు వుడ్ గ్లూని మించింది లేదు. లాగితే కాగితమైనా చిరుగుతుంది గానీ అతుకు ఊడదు. ఎపాక్సీ కంటే తేలిక, వాసన లేదు, పిల్లల చేతికి అంటినా నీళ్ళతో పోతుంది. రెండు వైపులా పలుచగా రాసి ఆరనిచ్చి, మళ్ళీ ఒకవైపు కాస్త రాసి నొక్కి పట్టుకోండి, నిమిషంలో పట్టేస్తుంది.

ఎపాక్సీ కావాల్సిన మూడు చోట్లు ఇవి. ఒకటి, మోటార్ మౌంట్‌ని బాడీ ట్యూబులోకి దూర్చేటప్పుడు. మౌంట్‌ని ట్యూబు మధ్యలో నిలిపే సెంటరింగ్ రింగు ట్యూబులో బిగుతుగా కూర్చుంటుంది. వుడ్ గ్లూ రాసి తోస్తే తడి కాగితం ఉబ్బి, దారిలో సగంలోనే పట్టేసుకుంటుంది. అప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలా రెండంగుళాలు వెనకే ఇరుక్కుపోయిన మౌంట్‌తో, ఫిన్‌లు దూర్చే స్లాట్లలోంచి రింగు కనపడుతున్న రాకెట్‌ని లాంచ్‌కి తెచ్చి ఏం చేయమంటారని అడిగినవాళ్ళు ఉన్నారు. చేసేదేమీ ఉండదు, ట్యూబు కోయడమే. అరగంట ఎపాక్సీ అయితే జారుతుంది, సర్దుకునే టైము ఇస్తుంది. ఐదు నిమిషాల రకం ఇక్కడ వద్దు. ముందు జిగురు లేకుండా ఒకసారి దూర్చి చూసి, బిగుతుంటే రింగు అంచుని శాండ్‌పేపరుతో రుద్దండి.

రెండు, ఫిన్‌ల మొదట్లో లోపలా బయటా ఫిల్లెట్లు, అంటే అతుకు మూలలో పోసే జిగురు కట్ట. వుడ్ గ్లూ ఆరితే కుంచించుకుపోయి గుంటలు పడుతుంది. మూడు, మోటారు జారిపోకుండా పట్టుకునే రిటైనరు. అది వేడి తగిలే చోటు, పైగా ప్లాస్టిక్‌కి కాగితం. జేబీ వెల్డ్ లాంటి వేడి తట్టుకునే ఎపాక్సీ వాడి, మరల మీద పడకుండా చూసుకోండి. పడితే మూత బిగించలేరు.

సూచనల కాగితంలో రెండు రింగులనూ ముందే అంటించేయమని ఉండొచ్చు. నేను వెనక రింగుని ఉత్తినే పెట్టి, చుట్టూ టేపుతో ఒక పిడిలా చేసి ఉంచుతాను. నాలుగు ఫిన్‌లూ అతికాక ఆ రింగు లాగేస్తే లోపల ఫిన్ ట్యాబు (స్లాటులోంచి లోపలికి దూరే భాగం) మోటార్ ట్యూబుకి తగిలేచోటు నేరుగా కనపడుతుంది. పొడుగాటి పుల్లతో అక్కడ ఎపాక్సీ పోసి, రాకెట్‌ని పక్కకు వంచి ఆరబెట్టి, తిప్పి మళ్ళీ పోసి, చివర్లో రింగు అంటించండి. లోపల ఇంత పట్టు ఉన్నాక బయటి ఫిల్లెట్ బొటనవేలంత లావు ఉండక్కర్లేదు, చిటికెన వేలితో గీసినంత చాలు. బయట దిబ్బలా పోసిన ఎపాక్సీతో బలం పెరగదు. పైగా ఆ బరువంతా తోక దగ్గర చేరుతుంది. తోక బరువెక్కితే బ్యాలెన్స్ పాయింట్ వెనక్కి జారుతుంది. దాన్ని ముందుకు తేవడానికి ముక్కులో బరువు పెట్టాలి. అప్పుడు మొత్తం బరువు పెరిగి మోటారు చాలదు. తోకలో అనవసరంగా పోసిన 30 గ్రాములకు ముక్కులో ఇంకో పాతిక గ్రాములు జరిమానా కట్టాల్సి రావచ్చు.

బ్యాలెన్స్ పాయింట్ ప్రెషర్ సెంటరు (గాలి ఒత్తిడి మొత్తం పనిచేసే బిందువు) కంటే కనీసం ఒక ట్యూబు వెడల్పు, అంటే మీకు 3 అంగుళాలు, ముందుండాలి. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొలతలు అందులో పెట్టి, బరువు మాత్రం దాని అంచనా కాకుండా మీరు తూచినది వేయండి. మోటారు లోపల పెట్టి, తాడు మీద రాకెట్‌ని ఆనించి బ్యాలెన్స్ పాయింట్ కొలవండి. చిన్న రాకెట్లని తాడు కట్టి తల చుట్టూ తిప్పి చూసేవాళ్ళం కదా, ఈ సైజుకి ఆ పని పెట్టుకోకండి.

షాక్ కార్డు (పారాషూట్‌నీ ముక్కునీ ట్యూబుకి కలిపి ఉంచే తాడు) సంగతి: కిట్లో రబ్బరు వస్తే పక్కన పడేయండి. కెవ్లార్ తాడుని మోటార్ మౌంట్ ముందు రింగుకి కట్టి, పైన నైలాన్ కలపండి. మొత్తం పొడవు రాకెట్‌కి మూడు నాలుగు రెట్లుండాలి. ముడి మీద వుడ్ గ్లూ ఒక చుక్క. మౌంట్ లోపలికి వెళ్ళిపోయాక ఈ పని చేయడం నరకం, ముందే గుర్తుంచుకోండి.

రాడ్ దూరే గొట్టం (లాంచ్ లగ్) బదులు, రెయిల్ గాడిలో జారే రెయిల్ బటన్లు పెట్టుకుంటే మేలు. బరువైన రాకెట్ కింద పావంగుళం రాడ్ కొరడాలా ఊగుతుంది, అల్యూమినియం రెయిల్ ఊగదు. ఒక బటన్ వెనక రింగు దగ్గర, రెండోది బ్యాలెన్స్ పాయింట్ దాపుల్లో.

స్కేల్ పని: ఎంతవరకు?

అసలు రాకెట్ గురించి మీ అమ్మాయికి చెప్పడానికి చాలా ఉంది. నైక్ అనేది అమెరికా సైన్యం నైక్ ఏజాక్స్ క్షిపణికి మొదటి దశగా వాడిన బూస్టరు, వెడల్పు 16.5 అంగుళాలు. సైన్యం దగ్గర మిగిలిపోయిన ఆ బూస్టర్లతో 1960ల్లో పరిశోధకులు రకరకాల సౌండింగ్ రాకెట్లు (పైగాలిని పరిశీలించే రాకెట్లు) చేశారు. నైక్ స్మోక్ ముక్కులో టైటానియం టెట్రాక్లోరైడ్ ఉండేది. అది గాలిలోని తేమ తగలగానే తెల్లటి పొగవుతుంది. ఆకాశంలో నిలువుగా పడిన ఆ పొగ గీతను గాలి ఎలా వంకర తిప్పుతోందో వేర్వేరు చోట్ల నుంచి ఫొటోలు తీసి, ఏ ఎత్తులో ఎంత గాలి ఉందో లెక్కగట్టేవాళ్ళు. పెద్ద రాకెట్లు ఆ గాలుల్ని తట్టుకోవాలి మరి. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి లేచిన మొదటి రాకెట్ నైక్ అపాచీ, దాని మొదటి దశా ఈ నైక్ బూస్టరే. అది ఇంకా పైన సోడియం ఆవిరి వదిలింది, అదీ పైగాలుల్ని కొలవడానికే. మీ బల్ల మీదున్న ట్యూబు ఆ బూస్టరుకి 5.5వ వంతు.

నిష్పత్తి తెలిస్తే ఏ వివరం వదిలేయొచ్చో తెలుస్తుంది. అసలులో 5 మిల్లీమీటర్ల స్క్రూ తల మీ మోడల్ మీద మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని జిగురు చుక్కతో పెడితే వడగండంత కనపడి మొత్తం చెడుతుంది. ముక్కు, ట్యూబు కలిసే అతుకు, ఫిన్ అంచులు, రంగుల హద్దులు, ఈ నాలుగూ శుభ్రంగా ఉంటే పది అడుగుల దూరం నుంచి అసలు రాకెట్టే అనిపిస్తుంది. రంగులకు ఏదో ఒక్క రాకెట్ ఫొటో పట్టుకుని దాన్నే అనుసరించండి. ఒక్కో ప్రయోగంలో ఒక్కో రకంగా రంగు వేశారు. రెండు ఫొటోలు కలిపితే ఎప్పుడూ లేని మూడో రాకెట్ తయారవుతుంది. పోటీలకు వెళ్ళే ఆలోచనుంటే జడ్జీలు అడిగేదీ ఆ ఫొటోనే.

ట్యూబు మీది మెలిగీతల్ని నీళ్ళు కలిపిన వుడ్ ఫిల్లరుతో నింపి, 220 నంబరు, తర్వాత 400 నంబరు శాండ్‌పేపరు. ఫిల్లరు ప్రైమరు ఒక పూత వేసి సగానికి పైగా రుద్దేయండి. ప్రైమరు గీతల్లో మిగలాలి, ట్యూబంతా కాదు. అన్ని పూతలూ ఒకే కంపెనీవి వాడండి. టెక్సస్ ఎండలో డబ్బా మీద రాసిన రీకోట్ టైముని తేలిగ్గా తీసుకుంటే రంగు ముడతలు పడుతుంది. ప్రతి పూత ఆరాక తూచి రాసుకోమని మీ అమ్మాయికి చెప్పండి. రంగుకి ఎంత బరువుందో అప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఎక్కడ ఎగరేయాలి

ఎఫ్, జీ మోటార్లకు ఎన్‌ఏఆర్ (అమెరికా మోడల్ రాకెట్ల సంఘం) భద్రతా నియమావళి ప్రకారం మైదానం చిన్నవైపు కూడా 1,000 అడుగులుండాలి, అంటే 300 మీటర్లు. సాకర్ గ్రౌండ్లు రెండు కలిపినా రాదు. అంత ఎందుకో ఒక లెక్క: మీ రాకెట్ 200 మీటర్లు లేచి సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగితే 40 సెకన్లు గాల్లో ఉంటుంది. గంటకు 10 మైళ్ళ గాలి, టెక్సస్‌లో దాన్ని గాలి అని కూడా అనరు, ఆ లోపు దాన్ని 180 మీటర్లు మోసుకుపోతుంది. అంటే పక్కింటి కప్పు మీదికి. త్వరగా దిగాలని చిన్న పారాషూట్ పెడితే ఫిన్‌లు విరుగుతాయి. 800 గ్రాములకు 24 అంగుళాలది చిన్నది, 30 నుంచి 36 అంగుళాల నైలాన్‌ది తీసుకోండి. దాన్ని కాలకుండా నోమెక్స్ గుడ్డలో చుట్టండి. ముక్కు పట్టుకుని రాకెట్ ఎత్తితే జారిపోకూడదు, కాస్త ఊపితే ఊడాలి. అంత బిగువు చాలు, తేడా ఉంటే మాస్కింగ్ టేపుతో సర్దండి.

చట్టం వైపు మీకు పెద్ద భయం అక్కర్లేదు. రాకెట్ ఇంధనంతో కలిపి 1,500 గ్రాములు, ఇంధనం 125 గ్రాములు దాటకుండా, కాగితం, కర్ర, ప్లాస్టిక్‌తో చేసినదైతే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ముందస్తు అనుమతి అవసరం లేదు. సగటు థ్రస్ట్ 80 న్యూటన్లు దాటినా, ఒక మోటారులో 62.5 గ్రాములకు మించి ఇంధనం ఉన్నా అది హై పవర్, సర్టిఫికేషన్ కావాలి. అయినా స్థలం యజమాని అనుమతి, కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటపై నిషేధం) ఉందా లేదా, ఇవి మీరే చూసుకోవాలి. వేసవిలో ఎండుగడ్డి మీద కాంపోజిట్ మంట అంటే మాటలు కాదు. అందుకే క్లబ్ అన్నాను. మీ వైపు డాలస్ ఏరియా రాకెట్ సొసైటీ ఉంది. రెయిలు, కంట్రోలరు, మైదానం, అన్నిటికంటే ముఖ్యంగా రాకెట్‌ని చేతిలోకి తీసుకుని ఫిన్ కదిపి చూసే సేఫ్టీ ఆఫీసరు దొరుకుతారు.

ప్యాడ్ నుంచి 30 అడుగుల దూరం, గాలి 20 మైళ్ళు దాటితే ఆ రోజుకి వద్దు. బటన్ నొక్కినా వెలగకపోతే సేఫ్టీ తాళం తీసేసి, పూర్తిగా 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్ళాలి. పిల్లలు అప్పుడే పరిగెత్తుతారు, ముందే చెప్పి ఉంచండి.

ఊరికి తీసుకెళ్ళే మాట: ఖాళీ రాకెట్ సూట్‌కేసులో పట్టదు గానీ నిషేధం లేదు. మోటార్లు, ఇగ్నైటర్లు చేతి సామానులోనూ చెక్‌ఇన్‌లోనూ కుదరవు. అక్కడ ఇవి పేలుడు పదార్థాల చట్టం కిందికి వచ్చే సరుకు, దీపావళి టపాసుల్లా అంగట్లో కొని వాడేవి కావు. ఎగిరిన వీడియో, విప్పి చూపించగలిగే రాకెట్ ఉంటే అక్కడి పిల్లలకు కావాల్సినంత. మందుగుండు దట్టించి సొంతంగా మోటారు చేద్దామని ఏ బాబాయో అంటే మాత్రం గట్టిగా వద్దనండి.

డిలే సంగతి కావాలనే వదిలేశాను. నాలుగు సెకన్లా ఆరా అన్నది బరువు తెలియకుండా చెప్పడం కుదరదు. రంగు ఆరాక పారాషూట్, షాక్ కార్డు, నోమెక్స్ అన్నీ లోపల పెట్టి తూచి ఆ బరువు, ముక్కు కొన నుంచి బ్యాలెన్స్ పాయింట్ దూరం ఇక్కడే రాయండి. ఓపెన్‌రాకెట్‌లో వేసి చెబుతాను.